ఎంపీపీ ఆఫీసులో అసిస్టెంట్ ఉద్యోగం: అక్కడి నుంచి శాసనసభ సీటు దాకా దారి ఉందా? (ఒంటారియో, కెనడా)

ప్రశ్న క్లుప్తంగా ఇది: బ్రాంప్టన్‌లో ఉంటున్నారు. పీఆర్ (శాశ్వత నివాస హోదా) వచ్చి మూడేళ్లయింది, పౌరసత్వానికి త్వరలో అప్లై చేస్తారు. మొన్నటి ప్రచారంలో మీ ఎంపీపీకి (ప్రావిన్స్ శాసనసభ సభ్యుడు, మన మండలాధ్యక్షుడు కాదు) వాలంటీరుగా తిరిగారు. ఇప్పుడు నియోజకవర్గ ఆఫీసులో కాన్‌స్టిట్యుయెన్సీ అసిస్టెంట్ ఉద్యోగం ఇస్తామంటున్నారు. జీతం మీ ఐటీ ఉద్యోగం కన్నా తక్కువ. ఎప్పటికైనా మీరే పోటీ చేయాలని ఉంది. చేరాలా, చేరితే ఏం నేర్చుకోవాలి, ఎక్కడ దెబ్బతింటారు అని అడిగారు.

దారే అండీ, కానీ ఆ ఆఫీసు మిమ్మల్ని సగం దూరం వరకే తీసుకెళ్తుంది. ప్రభుత్వం లోపల ఎలా నడుస్తుందో, రైడింగ్‌లో (ఇక్కడ నియోజకవర్గాన్ని అలా అంటారు) ఏ వీధిలో ఏ బాధ ఉందో అక్కడ తెలుస్తుంది. టికెట్టు తేలేది మాత్రం పార్టీ నామినేషన్ మీటింగులో, అంటే స్థానిక పార్టీ సభ్యులు ఓటేసి అభ్యర్థిని ఎంచుకునే చోట. ఎంతమందికి హెల్త్ కార్డు పని చేసిపెట్టారని అక్కడ ఎవరూ అడగరు, గడువులోపు ఎంతమందిని పార్టీ సభ్యులుగా చేర్చారన్నదే లెక్క. రెండు పనులకూ రెండు జాబితాలు ఉండాలి, ఒకదాంట్లో పేరు రెండోదాంట్లోకి పోకూడదు. చాలామంది ఇక్కడే చతికిలపడతారు. కొందరు మొదటి పని ఒక్కటే చేసి టికెట్టు దానంతటదే వస్తుందనుకుంటారు. కొందరు రెండూ కలిపేసి ఉన్న ఉద్యోగం పోగొట్టుకుంటారు.

ఈ దారిలో వెళ్లి గెలిచినవాళ్లు లేకపోలేదు. టొరంటోలోని పార్క్‌డేల్–హై పార్క్‌లో ఎన్‌డీపీ (న్యూ డెమోక్రటిక్ పార్టీ) సభ్యురాలు షెరీ డినోవో దగ్గర భూటిలా కార్పోచే పనిచేశారు. 2017 చివర్లో డినోవో తప్పుకున్నారు, 2018లో అదే సీటులో కార్పోచే గెలిచారు, 2022లో మళ్లీ గెలిచారు. పార్క్‌డేల్‌లో టిబెటన్లు ఎక్కువ, ఆవిడా టిబెటనే. అయినా ఆ ఒక్క వర్గం ఓటుతో గెలిచే సీటు కాదది. ఒటావా శివార్లలో లీసా మెక్లౌడ్ ఫెడరల్ (కేంద్ర) ఎంపీ పియెర్ పొయిలివ్ దగ్గర అసిస్టెంటుగా ఉండేవారు. జాన్ బేర్డ్ ఫెడరల్‌కు వెళ్లిపోవడంతో నెపియన్–కార్ల్‌టన్ ప్రావిన్షియల్ సీటు ఖాళీ అయింది, 2006 మార్చి ఉప ఎన్నికలో ఆవిడ గెలిచారు. 2025 దాకా శాసనసభలోనే ఉన్నారు. ఫెడరల్ వైపు చూస్తే ఆండ్రూ షీర్ రెజైనాలో ఎంపీ లారీ స్పెన్సర్ నియోజకవర్గ ఆఫీసులో పనిచేసి, 2004లో 25 ఏళ్లకే పక్క రైడింగ్‌లో సిట్టింగ్ ఎంపీని ఓడించారు. మొదటి ఇద్దరి విషయంలో సీటు ఖాళీ అయ్యే నాటికి వాళ్లు సిద్ధంగా ఉన్నారు. ఖాళీ ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు, సిద్ధంగా ఉండటమే మన చేతిలో ఉంది.

ఇదొక్కటే దారని మాత్రం అనుకోకండి. ఆల్బర్టా ప్రావిన్స్‌లో ప్రసాద్ పండా ఆంధ్ర నుంచి వెళ్లిన ఇంజనీరు, ఏ ఎమ్మెల్యే ఆఫీసు నుంచీ రాలేదు. జిమ్ ప్రెంటిస్ వదిలేసిన కాల్గరీ–ఫుట్‌హిల్స్‌లో 2015 సెప్టెంబర్ ఉప ఎన్నికలో వైల్డ్‌రోజ్ పార్టీ తరఫున గెలిచారు, 2019లో యూసీపీ (యునైటెడ్ కన్సర్వేటివ్ పార్టీ) ప్రభుత్వంలో మౌలిక సదుపాయాల మంత్రి అయ్యారు. పేరున్న వృత్తి, పార్టీలో ఏళ్ల తరబడి పని ఉంటే ఆఫీసు ఉద్యోగం లేకుండా కూడా కుదురుతుంది.

ఇక ఉద్యోగం సంగతి. ఊళ్లో ఎమ్మెల్యే పీఏని చూసిన కళ్లతో చూస్తే ఈ పని అర్థం కాదు. ఇక్కడ ఎంపీపీ చేతిలో నియోజకవర్గ అభివృద్ధి నిధి ఉండదు. బదిలీలు ఆయన చేతిలో ఉండవు. స్టేషన్‌కు ఫోన్ చేసి ఎవరినీ విడిపించలేరు. సిఫారసు ఉత్తరంతో సీటూ రాదు, ఉద్యోగమూ రాదు. ఇది మొదటి రోజే మీకు తెలిసుండాలి, ఎందుకంటే మీరు చేరిన వారంలోపే మనవాళ్లు సరిగ్గా ఇవే అడుగుతూ వస్తారు. ఆఫీసు చేయగలిగిందల్లా ప్రభుత్వంలో ఆగిపోయిన ఫైలు ఎక్కడ ఆగిందో కనుక్కోవడం, తప్పు చోట ఉంటే సరైన చోటికి పంపించడం, గడువు దాటిపోకుండా ఆ మనిషిని హెచ్చరించడం. వినడానికి చిన్న పనే. ఏడాదికి వందల ఫైళ్లు అలా కదిపితే ప్రావిన్స్ ప్రభుత్వంలో ఏ గది ఎక్కడుందో మంత్రులకన్నా మీకే బాగా తెలుస్తుంది.

ముందు ఏది ఎవరి పనో విడదీయడం నేర్చుకోండి. వీసా, పీఆర్, పాస్‌పోర్టు, పౌరసత్వం, ఉద్యోగ బీమా, సీఆర్ఏ (కేంద్ర పన్నుల సంస్థ) పన్ను ఫెడరల్ పనులు, ఎంపీ ఆఫీసుకు పంపాలి. చెత్త, పార్కింగ్, మంచు తీయడం, ఆస్తి పన్ను బిల్లు సిటీ కౌన్సిలర్ చూస్తారు. మీ దగ్గరుండేవి: ప్రావిన్స్ ఆరోగ్య బీమా ఓహిప్ హెల్త్ కార్డు, వైకల్య భృతి ఓడీఎస్పీ, ఆదాయం లేనివాళ్లకు ఇచ్చే సాయం ఒంటారియో వర్క్స్, పిల్లల పోషణ డబ్బు వసూలు చేసే ఎఫ్ఆర్ఓ, పనిలో గాయాలకు డబ్ల్యూఎస్ఐబీ, జనన ధృవపత్రాలు, డ్రైవింగ్ లైసెన్సు, విద్యార్థి రుణం ఓశాప్, ఇంటి అద్దె తగాదాలు. ఇమ్మిగ్రేషన్‌లో ప్రావిన్స్‌ది ఒక్కటే ముక్క, పీఆర్‌కు ప్రావిన్స్ తానే పేర్లు సూచించే ఓఐఎన్పీ నామినీ ప్రోగ్రాం. అందులోనూ ఫైలు ఏ దశలో ఉందో అడగడం వరకే.

ఈ మధ్య ఇంకో చిక్కు వచ్చింది. ఒంటారియోలో 124 సీట్లు. అందులో దక్షిణాన ఉన్న 111 సీట్లకు గతంలో ఫెడరల్ హద్దులే పెట్టారు, ఉత్తరాన 13 వేరు. తర్వాత ఫెడరల్ హద్దులు మారాయి, 2025 ఏప్రిల్ ఫెడరల్ ఎన్నిక కొత్త పటంతో జరిగింది. ప్రావిన్స్ 2025 ఫిబ్రవరి ఎన్నిక పాత పటంతోనే జరిగింది. దాంతో ఒకే ఎంపీపీ కింద ఉన్న వీధులు ఇప్పుడు ఇద్దరు ముగ్గురు ఎంపీల కిందికి పోయాయి. వీసా గురించి వచ్చిన మనిషిని అలవాటుకొద్దీ పాత ఎంపీ ఆఫీసుకు పంపితే అక్కడ తిప్పి పంపుతారు, తిట్లు మీకు తగులుతాయి. పోస్టల్ కోడ్ కొట్టి చూడకుండా ఎవరినీ పంపకండి.

ఫైలు తెరిచే పద్ధతి సుమారుగా అన్ని ఆఫీసుల్లోనూ ఒకటే. ముందు సంతకం చేసిన సమ్మతి పత్రం. అది లేకుండా ఏ మంత్రిత్వ శాఖా మీతో మాట్లాడదు, కొడుకు వచ్చి తల్లి గురించి అడిగినా తల్లి సంతకమే కావాలి. తర్వాత పూర్తి పేరు ప్రభుత్వ కాగితం మీద ఎలా ఉందో అలాగే. మనవాళ్ల ఇంటిపేరు ముందా వెనకా అన్న గందరగోళంతో ఫైలు దొరక్క రెండు వారాలు పోవడం మామూలే. పుట్టిన తేదీ, శాఖ ఇచ్చిన ఫైలు నంబరు, చివరగా వచ్చిన ఉత్తరం నకలు. అసలైన పని ఆ ఉత్తరంలోనే ఉంటుంది. మనిషి అరగంట చెప్పిన కథలో లేని సంగతి అందులో ఉంటుంది: నిర్ణయం తేదీ. దాన్నిబట్టి గడువు లెక్కేయాలి. ఓడీఎస్పీ నిరాకరిస్తే 30 రోజుల్లో అంతర్గత సమీక్ష అడగాలి. అదీ కుదరకపోతే మళ్లీ 30 రోజుల్లో సోషల్ బెనిఫిట్స్ ట్రైబ్యునల్‌కు అప్పీలు. డబ్ల్యూఎస్ఐబీ నిర్ణయాలకు సాధారణంగా ఆరు నెలలు, తిరిగి పనిలో చేరడం గురించిన నిర్ణయమైతే 30 రోజులే. జనం మీ దగ్గరికి 25వ రోజున వస్తారు. ఆ రోజు మీరు శాఖకు మెయిల్ పెట్టి జవాబు కోసం కూర్చుంటే గడువు దాటిపోతుంది. ముందు అప్పీలు ఫారం నింపించి పంపించండి, విచారణ తర్వాత. ఎంపీపీ ఆఫీసు అడిగింది కదా అని గడువు ఆగదు. కొత్తగా చేరినవాళ్లకు ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పరు, నష్టపోయేది ఎదుటి మనిషి.

ప్రతి ఫోనుకూ తేదీ, మాట్లాడిన వాళ్ల పేరు, ఏమన్నారు, మళ్లీ ఎప్పుడు అడగాలి, ఈ నాలుగూ అదే నిమిషంలో రాయాలి. మూసేటప్పుడు మనిషికి ఉత్తరమో మెయిలో పంపాలి, పని కాకపోయినా సరే. పని కానందుకు కోపం రాదు గానీ, ఏమైందో చెప్పనందుకు జనానికి కోపం వస్తుంది. ఆఫీసు ఏమీ చేయలేనప్పుడు ఒంటారియో అంబుడ్స్‌మన్ (ప్రభుత్వ శాఖల మీద ఫిర్యాదులు విచారించే అధికారి) ఉన్నారు, ఉచితం. ఆసుపత్రి ఫిర్యాదైతే పేషెంట్ అంబుడ్స్‌మన్. నర్సు, ఇంజనీరు లైసెన్సుల గురించి వస్తే అవి స్వయంప్రతిపత్తి ఉన్న సంస్థలు, మీ ఉత్తరానికి విలువ లేదు. ఇంజనీర్ల విషయంలో కెనడా అనుభవం ఉండాలన్న షరతును లైసెన్సు ఇచ్చే సంస్థ పీఈఓ 2023లో తీసేసింది. ఇది తెలియక ఇంకా ఆగిపోయినవాళ్లు ఉన్నారు, చెప్పండి. అలాగే కొత్తవాళ్లకు ఓహిప్ మూడు నెలల నిరీక్షణ 2020 మార్చిలోనే పోయింది. సూపర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు ఓహిప్ రాదు, ప్రైవేటు బీమానే.

ఇప్పుడు దాటకూడని గీత. కోర్టులు, ట్రైబ్యునళ్లు. ఫైలు ఏ దశలో ఉంది, విచారణ తేదీ వచ్చిందా అని అడగొచ్చు. ఇలా తేల్చండి, ఈయన మంచివాడు, దయచేసి పరిశీలించండి అని ఒక్క వాక్యం కూడా రాయకూడదు. 1996లో రక్షణ మంత్రి డేవిడ్ కొలెనెట్ తన నియోజకవర్గ వ్యక్తి కోసం ఇమ్మిగ్రేషన్ అండ్ రెఫ్యూజీ బోర్డుకు రాసిన ఉత్తరంతో పదవి పోయింది. 2013లో ఆదివాసీ వ్యవహారాల మంత్రి జాన్ డంకన్ ట్యాక్స్ కోర్టుకు రాసిన ఉత్తరంతో రాజీనామా చేశారు. ఇద్దరూ ఫెడరల్ మంత్రులే, ఇద్దరి ఉత్తరాలూ సాయం చేయబోయి రాసినవే. ఎంపీపీ సంతకం కింద వెళ్లే ఉత్తరాల్లో చాలావాటిని తయారు చేసేది మీరే కాబట్టి, ఈ గీత గుర్తుండాల్సింది ముందు మీకే.

మీకు రోజూ ఎదురయ్యే రూపంలో చెప్తాను. ఒక తెలుగు కుటుంబం బేస్‌మెంట్ అద్దెకిచ్చింది. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, ఖాళీ చేయించాలి. ఎన్12 (సొంతవాళ్ల కోసం ఖాళీ చేయమనే) నోటీసు ఇచ్చారు. కింద ఉండేది ముగ్గురు విద్యార్థులు, వాళ్లూ తెలుగువాళ్లే. ఉదయం పదింటికి ఇంటాయన వచ్చి పిల్లలు ఖాళీ చేయట్లేదంటాడు. సాయంత్రం నాలుగింటికి ఆ పిల్లల్లో ఒకడు వచ్చి అంకుల్ నీళ్లు కట్టేస్తానంటున్నాడంటాడు. ఇద్దరూ మీ రైడింగ్‌లోనే ఉంటారు, ఇద్దరూ మీరు తమ పక్షమే అనుకుంటారు. ఇద్దరికీ ఒకే మాట చెప్పాలి: నోటీసుకు 60 రోజుల గడువు ఉండాలి, అది అద్దె కాలం ముగిసే రోజుతో పూర్తవ్వాలి, సాధారణంగా ఒక నెల అద్దె పరిహారంగా ఇవ్వాలి, వచ్చేవాళ్లు కనీసం ఏడాది ఉండే ఉద్దేశం నిజంగా ఉండాలి. నోటీసు ఇచ్చినంత మాత్రాన వెళ్లిపోనక్కర్లేదు, ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ బోర్డు ఉత్తర్వు కావాలి. నీళ్లు, కరెంటు కట్టేయడం చట్టవిరుద్ధం. పిల్లాణ్ణి కమ్యూనిటీ లీగల్ క్లినిక్‌కు, ఇంటాయనను ల్యాండ్‌లార్డ్స్ సెల్ఫ్-హెల్ప్ సెంటర్‌కు పంపాలి. రెండు ఫైళ్లూ వేరుగా ఉండాలి, ఒకరు వచ్చారన్న సంగతి రెండోవాళ్లకు తెలియకూడదు. వారాంతంలో గుడిలో ఇంటాయన కనిపించి "ఆ కుర్రాడు మీ దగ్గరికొచ్చాడటగా" అంటే నవ్వి మాట మార్చేయాలి. ఇది చేతకాకపోతే రాజకీయం సంగతి తర్వాత, ఈ ఉద్యోగమే కష్టం.

జాబితాల మాటకొస్తాను. సాయం కోసం వచ్చినవాళ్ల ఫోను నంబర్లు ప్రజల డబ్బుతో నడిచే ఆఫీసువి. పార్టీ డేటాబేసు వేరు. మొదటిదాంట్లోంచి రెండోదాంట్లోకి ఒక్క నంబరు కూడా పోకూడదు. ఓడీఎస్పీ పనిమీద వచ్చిన ఆవిడకు నెల తర్వాత పార్టీ నుంచి చందా మెయిల్ వస్తే, ఆవిడ ఒక్క ఫోను చేస్తే చాలు మీ పేరు పత్రికలో ఉంటుంది. ఆఫీసు కంప్యూటరు, ప్రింటరు, ఆఫీసు వేళలు, ఏవీ ప్రచారానికి వాడకూడదు. సభ్యత్వ ఫారాలు ఆఫీసు సొరుగులో కూడా పెట్టుకోకండి. మనవాళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు వాట్సాప్‌తో. కేసు మాట్లాడటానికి సొంత నంబరు ఇస్తారు, ఆ నంబర్లతోనే పండగ శుభాకాంక్షల గ్రూపు కడతారు, ఎన్నికలప్పుడు అదే ప్రచార గ్రూపవుతుంది. సొంత నంబరు కేసులకు ఇవ్వకండి, అంతే.

మరి ఈ ఉద్యోగంతో రాజకీయంగా వచ్చే లాభం ఏమిటి అంటే, రైడింగ్ పటం తలలోకి ఎక్కుతుంది. లక్ష పైచిలుకు జనం ఉండే చోట ఏ అపార్ట్‌మెంటులో లిఫ్టు ఎప్పుడూ చెడిపోతుందో, ఏ స్కూలు దగ్గర పోర్టబుల్ (తాత్కాలిక) తరగతి గదులు పెరుగుతున్నాయో, ఏ సీనియర్ క్లబ్బు అధ్యక్షురాలి మాట ఆ భవనమంతా వింటుందో తెలుస్తుంది. మార్చి, ఏప్రిల్‌లలో జనానికి పన్ను రిటర్నులు నింపిపెట్టే ఉచిత పన్ను క్లినిక్ పెడతారు. అక్కడ వాలంటీర్లను సమకూర్చే పని అడిగి తీసుకోండి, మిగతా ఏడాదంతా పనికొచ్చే మనుషులు అక్కడ పరిచయమవుతారు. 50 ఏళ్ల పెళ్లిరోజుకు, 90 ఏళ్ల పుట్టినరోజుకు ఇచ్చే అభినందన పత్రాలు చిన్నపనిగా చూడకండి. పేరు తప్పు లేకుండా, రోజు దాటకుండా ఇంటికి చేరిస్తే ఆ ఇల్లు మరచిపోదు. సభ సోమవారం నుంచి గురువారం వరకే కూర్చుంటుంది, శుక్రవారం ఎంపీపీ రైడింగ్‌లో ఉంటారు. ఆ రోజు ఆయన ఎవరిని కలవాలో పట్టిక వేసేది మీరే అయితే, రైడింగ్‌లో అందరికీ మీ పేరు తెలుస్తుంది.

ఉద్యోగ భద్రత మాత్రం లేదు. మీ కుర్చీ ఎంపీపీ కుర్చీతో కట్టేసి ఉంటుంది. 2014లో 58 సీట్లు గెలిచిన ఒంటారియో లిబరల్స్ 2018లో 7కు పడిపోయారు. ఆ సీట్లన్నిటిలోని సిబ్బంది అంతా కొత్త పని వెతుక్కోవాల్సొచ్చింది, వాళ్లలో మీకన్నా బాగా పనిచేసినవాళ్లు ఎందరో ఉండి ఉంటారు. ఇంటి ఈఎంఐ మీ ఒక్క జీతం మీదే నడుస్తుంటే ఆలోచించుకోండి.

ఇక రెండో సగం, పోటీ చేయడం. అభ్యర్థి కావాలంటే కెనడా పౌరసత్వం ఉండాలి, 18 ఏళ్లు నిండాలి, పోలింగ్ నాటికి ఆరు నెలలుగా ఒంటారియోలో ఉండాలి. అదే రైడింగ్‌లో ఉండాలని చట్టం అడగదు, ఓటరు అడుగుతాడు. కాబట్టి మీ మొదటి పని పౌరసత్వమే, ఐదేళ్లలో 1,095 రోజుల లెక్క సరిచూసుకుని ఆలస్యం చేయకుండా పెట్టండి. ఎలక్షన్స్ ఒంటారియోకు ఇచ్చే నామినేషన్ పత్రం మీద రైడింగ్ ఓటర్లు 25 మంది సంతకాలు కావాలి. అది సులువు. కష్టం అంతకుముందు పార్టీలో ఉంటుంది.

పార్టీ ముందు మిమ్మల్ని వడపోస్తుంది. అప్పులు, కేసులు, పాత పన్నులు, సోషల్ మీడియా అన్నీ చూస్తారు. ఇక్కడ మనవాళ్లకు ప్రత్యేకమైన ప్రమాదం ఒకటుంది. పదేళ్ల కిందట ఆంధ్ర, తెలంగాణ రాజకీయాల మీద, ఒక కులం మీద, ఒక మతం మీద షేర్ చేసిన పోస్టులు. తెలుగులో ఉంటే ఎవరికీ అర్థం కాదని అనుకోకండి, ప్రత్యర్థి దగ్గర అనువదించిపెట్టే తెలుగువాడు ఒకడు తప్పకుండా ఉంటాడు. ఇప్పుడే కూర్చుని మొత్తం చూసుకోండి. పార్టీ ఫారంలో అడిగితే దాచకుండా ముందే చెప్పండి. తర్వాత బయటపడితే ప్రచారం మధ్యలో టికెట్టు వెనక్కి తీసుకుంటారు.

వడపోత దాటాక సభ్యత్వాలు. చాలా పార్టీల్లో 14 ఏళ్లు నిండితే సభ్యులు కావొచ్చు, పౌరసత్వం విషయంలో, రుసుము విషయంలో పార్టీ పార్టీకి నిబంధన వేరు, మీ పార్టీ రాజ్యాంగం తెచ్చుకుని చదవండి. అన్నిటిలోనూ ఒకటి మాత్రం సమానం: నామినేషన్ మీటింగులో ఓటు వేసేది ఆ రైడింగ్‌లో నివసించే సభ్యులే, అదీ గడువు తేదీకి ముందు చేరినవాళ్లే. మనవాళ్ల అభ్యర్థిత్వాలు ఎక్కువగా ఇక్కడే కూలతాయి. తెలుగు సంఘం ఉగాదికి వెయ్యిమంది వస్తారు, హాలు చూసి గుండె నిండుతుంది. వాళ్లు ఉండేది బ్రాంప్టన్‌లో, మిసిసాగాలో, మిల్టన్‌లో, మార్కమ్‌లో, స్కార్‌బరోలో. మీ రైడింగ్ పోస్టల్ కోడ్లతో వడకడితే మిగిలేది కొన్ని డజన్ల ఇళ్లు. పైగా సంఘాలు రెండో మూడో ఉంటాయి, ఒకరి వేదిక ఎక్కితే రెండోవారికి మీరు పరాయి. కాబట్టి తెలుగువాళ్లు మీకు మొదటి వాలంటీర్లు అవుతారు గానీ ఓట్ల లెక్క వాళ్లతో పూర్తవదు. మీ వీధి, పిల్లల స్కూలు, హాకీ, క్రికెట్ క్లబ్బు, మీ పక్కింటి పంజాబీ, తమిళ, జమైకన్, పోర్చుగీసు కుటుంబాల నుంచి చేర్చాలి.

మీటింగులు చాలావరకు కొన్ని వందల ఓట్లతోనే తేలతాయి. చేర్చినవాళ్లలో సగం మంది ఆ రోజు వస్తే బాగా వచ్చినట్టు, అందుకని కావలసిన సంఖ్యకు రెట్టింపు చేర్చండి. రుసుము ఉంటే వాళ్ల జేబులోంచి వాళ్లే కట్టాలి, మీరు కడితే ఫిర్యాదుకు అదొక్కటే చాలు. గుర్తింపు కార్డు మీద చిరునామా రైడింగ్‌లోదే ఉండాలి. ఇల్లు మారి లైసెన్సు మీద చిరునామా మార్చనివాళ్లు మనలో చాలామంది, తలుపు దగ్గరే వెనక్కి పంపుతారు. మీటింగుకు వారం ముందు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి కార్డు మీద ఏముందో చదివించుకోండి.

డబ్బు. 2017 నుంచి కంపెనీలు, యూనియన్లు ఇవ్వకూడదు. ఒంటారియోలో నివసించే వ్యక్తి సొంత డబ్బు మాత్రమే ఇవ్వాలి. పరిమితి 2021లో 3,300 డాలర్లు చేశారు, ఏటా 25 పెరుగుతూ 2025లో 3,400 అయింది. అభ్యర్థి తన సొంత ప్రచారానికి పెట్టుకునే డబ్బుకూ పరిమితి ఉంది. 25 డాలర్లు దాటితే నగదు తీసుకోకూడదు. రెస్టారెంటు యజమాని అభిమానంతో కంపెనీ చెక్కు రాసిస్తే వెనక్కిచ్చేయాలి. కవరులో నోట్లు పెట్టి "మీవైపు నుంచి వేసేయండి" అన్నా తీసుకోకూడదు. ఒకరి డబ్బు ఇంకొకరి పేరున వేయడం నేరం. లెక్కలు తెలిసిన మనిషిని, మీ బావమరిదిని కాకుండా, ముందే సీఎఫ్ఓగా (ప్రచారం డబ్బు లెక్కలు చూసే అధికారి) చూసుకోండి.

సమయం గురించి 2025 చూడండి. ఎన్నిక 2026 జూన్‌లో ఉండాల్సింది, ఫిబ్రవరి 27కు వచ్చేసింది, ప్రకటన నుంచి పోలింగుకు సుమారు నెలే ఉంది. అలాంటప్పుడు నామినేషన్ మీటింగులు పెట్టే తీరిక ఉండదు, పార్టీలు చాలాచోట్ల అభ్యర్థులను నేరుగా ప్రకటిస్తాయి. ఆ రోజు పార్టీ పై ఆఫీసులో మీ పేరు, మీ కాగితాలు ముందే ఉంటేనే మీకు ఫోను వస్తుంది. మీ ఎంపీపీతో కూడా దాపరికం పెట్టుకోకండి. ఆయన మళ్లీ నిలబడతానంటే మీరు అక్కడ కదలకూడదు, పక్క రైడింగ్ చూసుకోవాలి. తప్పుకుంటానంటే, ఆ మాట బయటికి రాకముందే జీతం లేని సెలవు మీద వెళ్లే ఏర్పాటు రాతపూర్వకంగా చేసుకోండి. ఆయన ఆశీస్సు ఉంటే సగం పని అయిందనుకునేవాళ్లున్నారు. నా లెక్కలో అది నాలుగో వంతు. ఇరవై ఏళ్లుగా రైడింగ్ అసోసియేషన్‌లో (పార్టీ స్థానిక శాఖలో) కుర్చీలు వేసినవాళ్లు, ఆఫీసు నుంచి వారసుడిలా దిగినవాణ్ణి ఇష్టపడరు. వాళ్లతోపాటు మీరూ కుర్చీలు వేసి ఉండాలి.

ఓపిక తక్కువైతే మధ్యలో మెట్టు ఉంది. సిటీ కౌన్సిల్, స్కూల్ బోర్డు ట్రస్టీ. పార్టీలుండవు, కౌన్సిలర్‌కు ఫైలింగ్ ఫీజు 100 డాలర్లే. తదుపరి మున్సిపల్ ఎన్నిక 2026 అక్టోబర్ 26న. ఓడినా పేరు తెలుస్తుంది, తలుపు కొట్టడం వస్తుంది. వాలంటీరుకు గంటకు పదిహేను, ఇరవై ఇళ్లు వస్తే మంచి వేగం. మొత్తం రైడింగ్ మూడుసార్లు తిరగాలంటే ఎంతమంది కావాలో మీరే లెక్కేసుకోండి.

గెలిచాక పాత అసిస్టెంట్లకు వచ్చే జబ్బు ఒకటే, కేసులు తామే చూడాలనుకుంటారు. రాత్రి పదకొండింటికి ఎఫ్ఆర్ఓ ఫైలు మీద కూర్చుంటారు, ఉదయం కమిటీలో ఏ సవరణకు చేయి ఎత్తాలో చదవకుండా వెళ్తారు. ఆ పని ఇంకొకరికి అప్పగించి, నెలకోసారి ఫైళ్ల సరళి మాత్రం చూడండి. ఒకే రకం ఫిర్యాదు 40 వస్తే అది ప్రశ్నోత్తరాల సమయంలో అడగాల్సిన ప్రశ్న. గెలిచిన 60 రోజుల్లోపు ఇంటెగ్రిటీ కమిషనర్‌కు (సభ్యుల నడవడి నియమాలు చూసే అధికారి) ఆస్తుల ప్రకటన ఇవ్వాలి. 200 డాలర్లు దాటిన బహుమతులను 30 రోజుల్లో ప్రకటించాలి. సంఘాలవాళ్లు కప్పే శాలువా, జ్ఞాపిక మర్యాదలోకే వస్తాయి, కానీ వెండి వినాయకుడు ఇస్తే తూకం చూసుకోండి. జీతం 2009 నుంచి 1,16,550 డాలర్ల దగ్గర ఆగి ఉండేది, 2025లో 1,57,350 చేశారు, 1990లలో తీసేసిన పింఛనునూ మళ్లీ తెచ్చారు.

కాబట్టి చేరండి, కానీ సంతకం పెట్టే ముందు మూడు అడగండి. కేస్‌వర్క్ ఒక్కటేనా, బయటి కార్యక్రమాలూ ఇస్తారా? ఫోన్ల దగ్గరే కూర్చోబెడితే మీ లక్ష్యానికి సగమే ఉపయోగం. నామినేషన్‌కు దిగాలనుకుంటే సెలవు నిబంధన ఏమిటి? ఎంపీపీ ఓడినా, తప్పుకున్నా ఎన్ని వారాల జీతం ఇస్తారు? మూడింటికీ జవాబు మెయిల్‌లో తీసుకోండి. రెండేళ్లు చేశాక కూడా మీ సొంత జాబితాలో, ఆఫీసుతో సంబంధం లేకుండా మీరు చేర్చిన, ఆ రైడింగ్‌లోనే ఉండే వందమంది పేర్లు లేకపోతే ఐటీకి తిరిగి వెళ్లిపోవచ్చు.